పాత వెండి రూపాయి: ఎన్ని ముద్రించారో కాదు, ఎన్ని మిగిలాయో చూడాలి

నూజివీడు ప్రాంతంలో పూత మీద మామిడి తోట గుత్తకు కొనే వ్యాపారి పూత చూసి మురిసిపోడు. ఒక్కొక్క పూగుత్తికి వేలాది పూలున్నా మంచుకు, తేనెమంచు పురుగుకు, ఈదురు గాలులకు పోగా కోత దాకా నిలిచేది ఒకటీ అరా కాయలే. బేరం వాటి మీదే. పాత వెండి రూపాయల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది ఈ తెలివిని మరచి, టంకశాల లెక్క చూసి "కోట్లలో కొట్టారు, ధరేం వస్తుంది" అంటూ నాణేన్ని త్రాసులో వేసేస్తారు. 2025లో వెండి కిలో లక్ష రూపాయలు దాటాక ఈ తొందర మరింత నష్టదాయకం.

బ్రిటిష్ రూపాయి బరువు సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు. 1939 వరకు అందులో నూటికి 91.7 పాళ్లు వెండి. కిలో లక్ష చొప్పున 1,069 రూపాయల సరుకు. 1940 నుంచి వెండి సగానికి తగ్గింది. 1947లో నికెల్ రూపాయి వచ్చింది. తూకం ధర అడుగు ధర మాత్రమే. ఆపైన పలికేది మిగిలిన సరుకును, గిరాకీని బట్టి.

యుద్ధకాలంలో ప్రభుత్వం మంచి వెండి రూపాయలను వరుసగా వెనక్కి పిలిచింది. విక్టోరియా రాణి రూపాయలకు 1941లో, ఏడవ ఎడ్వర్డు రూపాయలకు 1942లో, జార్జి రాజుల పాత రూపాయలకు 1943లో చెలామణీ పోయింది. ఖజానాకు చేరినవి మూసలోకి వెళ్లాయి. పెట్టెల్లో, పాతర్లలో దాగినవే నేటి నిల్వ.

ముద్రణ లెక్కను నమ్మితే ఎంత తేడా వస్తుందో 1911 నాటి అయిదవ జార్జి రూపాయి చెబుతుంది. రాజు అంగీ మీది ఏనుగు పందిలా కనబడుతోందన్న అభ్యంతరంతో 1912లో బొమ్మ మార్చారు. కొట్టినవి సుమారు 94 లక్షలు, బయటికి వచ్చినవి సుమారు 7 లక్షలు, తక్కినవి కరిగిపోయాయి. అందుకే దీని ధర 1912 రూపాయికి చాలా పైన ఉంటుంది. సంవత్సరం అంకె కూడా మోసగించవచ్చు: 1862 అని ఉన్న రూపాయలను ఆ తరువాత పదేళ్లకు పైగా అదే అంకెతో కొట్టారు.

అమెరికాలో 1918 నాటి చట్టం కింద 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించారు. ఆ వెండిలో అధిక భాగం మన రూపాయల కోసమే వచ్చింది. ఏ సంవత్సరపు డాలర్లు ఎన్ని కరిగాయో ఎవరూ లెక్క రాయలేదు. న్యూ ఆర్లియన్స్ టంకశాల 1903లో 44 లక్షలకు పైగా కొట్టిన డాలరు దాదాపు అంతరించిందనుకున్నారు. ధర వెయ్యి డాలర్లు దాటింది. 1962లో ప్రభుత్వ ఖజానాలోంచి ఆ సంచులు బయటపడగానే అది పదుల డాలర్లకు కూలింది. అరుదు సరుకు పట్టుకు కూర్చునే వారికి ఈ గండం ఎప్పుడూ ఉంటుంది.

మిగిలినవాటిలోనూ అరగనిదానికే మంచి ధర. చింతపండుతో తోమి తళతళలాడించి తెచ్చిన రూపాయికి సేకరణదారు ధర తగ్గిస్తాడు. తోమనిదాన్ని సంవత్సరం, టంకశాల గుర్తు చూసుకుని విడిగా అమ్ముకోవాలి. నూరేళ్లు దాటిన నాణేల ఎగుమతికి 1972 నాటి పురావస్తు చట్టం అడ్డు గనుక గిరాకీని దేశంలోనే వెతుక్కోవాలి.