బదిలీల జాబితా, బడిపై మమకారం

ఉద్యోగిని సంస్థతో ముడివేసే బంధాలు మూడని కెనడా మనస్తత్వ శాస్త్రవేత్తలు జాన్ మేయర్, నటాలీ అలెన్ 1991లో వివరించారు. ఒకటి ఇష్టం, రెండోది వదిలేస్తే నష్టపోతామన్న లెక్క, మూడోది బాధ్యతాభావం. వీటిలో ఇష్టం జీతంతోనే పుట్టదు. నిర్ణయాలు ఎలా తీసుకుంటున్నారన్నదీ ముఖ్యమే. పరిశోధకులు దీన్ని విధానపరమైన న్యాయం అంటారు.

తెలుగు రాష్ట్రాల్లో ఉపాధ్యాయుల బదిలీల కౌన్సెలింగ్‌కు ముందు సీనియారిటీ జాబితా ప్రకటించి, అభ్యంతరాలు స్వీకరిస్తారు. దూరపు ఊరే వచ్చినా, తన పాయింట్లు ఎలా లెక్కించారో చూసుకున్న టీచర్‌కు వ్యవస్థపై నమ్మకం మిగిలే అవకాశం ఎక్కువ. కోరుకున్న బడి సిఫార్సు వల్ల చేజారిందని తెలిస్తే? ఉద్యోగమైతే మానరు, రెండో బంధం ఉంది కదా! తెగేది మొదటిది. హాజరు రిజిస్టరులో ఆ తేడా కనిపించదు. బడి వదిలాక వెనుకబడిన పిల్లలకు చెప్పే అరగంట పాఠం ఆగిపోయినప్పుడు తెలుస్తుంది.