కలుపు మొక్కల వెనక కథలు: ఐర్లాండ్ పల్లెల నమ్మకాలు

ఈ ఎపిసోడ్‌లో ఐర్లాండ్ వెళ్దాం. అక్కడి పొలంగట్ల మీద ఎవరూ నాటకుండానే మొలిచే నాలుగు కలుపు మొక్కలు, వాటి చుట్టూ అల్లుకున్న కథలు చూద్దాం. ఈ కథలు మనదాకా ఎలా వచ్చాయి? 1937 నుంచి 1939 వరకు అక్కడి బడిపిల్లలు తాతల్ని, అమ్మమ్మల్ని అడిగి ఊరి నమ్మకాలన్నీ నోటుపుస్తకాల్లో రాశారు. ఐరిష్ జానపద కమిషన్ ఆ పుస్తకాలను భద్రపరిచింది. మొక్కల మందులు, మొక్కల నమ్మకాలు వాటిలో బోలెడు ఉన్నాయి.

మొదటిది నెటిల్. మన దూలగొండిలాగే తాకితే చాలు, ఒళ్ళంతా మంట. ఉడికిస్తే ఆ మంట పోతుంది, ఆకుకూరలా తినొచ్చు. దీనికో కథ ఉంది. ఆరో శతాబ్దపు సాధువు కొలమ్ కిల్లె ఒక ముసలమ్మ నెటిల్ కోయడం చూశాడు. ఎందుకమ్మా అంటే, ఆవు ఈనేదాకా నాకిదే తిండి అంది. ఆవు కోసమే ఈమె ఇంత ఓర్చుకుంటుంటే, దేవుడి రాజ్యం కోసం ఎదురుచూసే నేనేం చేస్తున్నాను అనుకొని, ఇకనుంచి నాకూ నెటిల్ పులుసే చాలన్నాడు. వంటవాడు ఊరుకుంటాడా? బోలుగా ఉన్న గరిటె పుల్లలోంచి గుట్టుగా పాలు పోసేవాడట! నవ్వొచ్చే కథే. కానీ లోపల ఉన్నది ఆకలి. చలికాలం దాటాక పచ్చికూర దొరకని రోజుల్లో ముందు మొలిచేది నెటిలే. వసంతంలో మూడుసార్లు తింటే ఏడాదంతా జబ్బు రాదని నమ్మేవారు. 1845 తర్వాత బంగాళాదుంప పంట కుళ్ళి కరువొచ్చినప్పుడు పేదలు తిన్నవాటిలో ఇదీ ఒకటి.

రెండోది డాండెలైన్, పసుపుపచ్చ పువ్వు. ఐరిష్‌లో దీనికున్న ఒక పేరులో బ్రిజిడ్ సాధ్వి పేరుంది. ఆమె పండుగ ఫిబ్రవరి 1, అక్కడి లెక్కలో వసంతానికి తొలిరోజు. పాడికీ పశువులకీ ఆమే రక్ష. ఈ మొక్క కాడ తుంచితే పాలు కారతాయి. పాడిని కాచే తల్లికి పాలుకారే మొక్క! ఆ ముడి ఎలా పడిందో వేరే చెప్పక్కర్లేదు కదా.

మూడోది షామ్రాక్, మూడాకుల చిన్న మొక్క. పాట్రిక్ సాధువు దీన్ని చూపించి, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడని బోధించాడంటారు. పాట్రిక్ ఐదో శతాబ్దం వాడు. ఆయన స్వయంగా రాసిన వాటిలో షామ్రాక్ ఊసే లేదు. ఈ కథ అచ్చులో కనిపించేది 1726లో, కేలెబ్ థ్రెల్‌కెల్డ్ రాసిన మొక్కల పుస్తకంలో. అంటే ప్రతి కథా దాని సాధువంత పాతది కాదన్నమాట.

నాలుగోది రాగ్‌వర్ట్. దీనికి సాధువు లేడు, యక్షిణుల్లాంటి ఫెయిరీలున్నారు. రాత్రిపూట వాళ్ళు దీన్నే గుర్రంగా ఎక్కి తిరుగుతారట. ఇంకో కథలో ఒకాయన లెప్రకాన్ అనే మరుగుజ్జును పట్టుకొని, బంగారం ఏ రాగ్‌వర్ట్ కింద ఉందో చెప్పించుకున్నాడు. గుర్తుకి ఎర్రపట్టీ కట్టి పార తేవడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పొలంలో ప్రతి మొక్కకీ ఎర్రపట్టీయే!

ఇక్కడ జాగ్రత్తగా వినండి. రాగ్‌వర్ట్ విషం. పచ్చిగా చేదు కాబట్టి పశువులు సాధారణంగా ముట్టవు. ఎండుగడ్డిలో కలిస్తే ఆ చేదు తెలియక తినేస్తాయి, కాలేయం పాడై చనిపోతాయి. అందుకే 1936 నాటి కలుపు మొక్కల చట్టం కింద దీన్ని పెరగనివ్వకూడదని రైతుల మీద బాధ్యత పెట్టారు.

కాబట్టి కథ వింటే ఏం తెలుస్తుంది? ఆ మొక్కతో ఆ మనుషులు ఎలా బతికారో తెలుస్తుంది. ఎప్పుడు ఆకలేసింది, దేన్ని కాపాడుకున్నారు, దేనికి భయపడ్డారు అన్నీ అందులో ఉంటాయి. అది తినొచ్చా, మందుగా వాడొచ్చా అన్నది మాత్రం కథ తేల్చదు. సాధువు పేరుందని ఏ ఆకూ నోట్లో వేసుకోకండి. అలాగని కలుపే కదా అని కథనీ పీకి పారేయకండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే, పెరట్లో మొక్కల గురించి ఒక్కసారి అడిగి రాసిపెట్టుకోండి. ఆ ఐరిష్ పిల్లలు చేసిందీ అదే. మళ్ళీ కలుద్దాం, సెలవు.