క్రైస్తవ ఆరాధన: ఏ పుస్తకాలు చదవాలి, ఎట్లా చదవాలి

దళిత క్రైస్తవుల గురించి రాసేవాళ్ళు సాధారణంగా మూడు సంగతులు పట్టించుకుంటారు. ఎంతమంది మతం మారారు, ఎందుకు మారారు, మారినందువల్ల ఏం ఒరిగింది. జనాభా లెక్కలు, మిషనరీ నివేదికలు, రిజర్వేషన్ జీవోలు, వీటి చుట్టూనే పరిశోధన తిరుగుతోంది. మరి మాలపల్లెలో, మాదిగపల్లెలో ఆదివారం గుడిలో ఏం జరుగుతుంది? ఎవరు పాడతారు, ఎవరు వాయిస్తారు, రొట్టె ఎవరు విరుస్తారు, గిన్నె ఎవరి తర్వాత ఎవరి చేతికి వెళ్తుంది? దీని మీద రాసింది చాలా తక్కువ. ఆరాధన పాస్టర్ల వ్యవహారమనీ, వేదాంత కళాశాలల్లో చెప్పుకునే పాఠమనీ మనవాళ్ళు దాన్ని పక్కన పెట్టేశారు.

అట్లా పక్కన పెట్టడం ఇక కుదరదని మేం అనుకుంటున్నాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులు బయటే ఉండిపోయారు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక కేసులో, పాస్టరుగా ప్రార్థనలు నడిపిస్తున్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ దొరకదని తీర్పు చెప్పింది. చేతిలో కుల సర్టిఫికెట్టు ఉన్నా లాభం లేకపోయింది. ఆదివారం ప్రార్థన నడపడమే అతని మీద సాక్ష్యమైంది. మన ఆరాధన కోర్టులో సాక్ష్యంగా నిలబడుతున్నప్పుడు, దాని చరిత్ర ఏమిటో, తీరు ఏమిటో మనకు తెలీదంటే ఎట్లా?

అందుకే కొత్తగా ఈ విషయం మొదలుపెట్టే మిత్రుల కోసం కొన్ని పుస్తకాలను ఇక్కడ వరసలో చెబుతున్నాం. పుస్తకాల పేర్లు చెప్పి ఊరుకోం. ఏ ప్రశ్న పట్టుకుని వాటిని చదవాలో కూడా చెబుతాం.

మొదటి సాక్ష్యాలు

చరిత్ర పుస్తకాలకంటే ముందు పాత సాక్ష్యాలు చూడాలి. ప్రభురాత్రి భోజనం గురించి మనకు దొరికే అన్నింటికంటే పాత రాత పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, పదకొండో అధ్యాయం. సుమారు క్రీ.శ. 54-55 నాటిది. దాన్ని గుడిలో వందలసార్లు విన్నాం. కానీ ఆ మాటలు పౌలు ఎందుకు రాయాల్సొచ్చిందో పెద్దగా చెప్పరు. కొరింథులో కలిగినవాళ్ళు ముందే కూర్చుని తినేసేవాళ్ళు. లేనివాళ్ళు ఆకలితో మిగిలిపోయేవాళ్ళు. ఇది లేనివాళ్ళను సిగ్గుపరచడం కాదా అని పౌలు కోప్పడ్డాడు, ఒకరికోసం ఒకరు ఆగండని చెప్పాడు. గెర్డ్ థైసెన్ అనే జర్మన్ పండితుడు ఈ గొడవను సంఘంలోని కలిగినవాళ్ళకూ లేనివాళ్ళకూ మధ్య తేడాగా విడమరిచి చూపించాడు. అంటే ప్రభువు బల్ల గురించిన మొట్టమొదటి రాత పంక్తిలో జరిగిన వివక్ష మీద ఫిర్యాదు. పంక్తిభేదం అంటే ఏమిటో మనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

రెండో సాక్ష్యం ఒక అధికారి ఉత్తరం. సుమారు 112లో బితూనియ అనే రోమన్ రాష్ట్రాన్ని ఏలుతున్న ప్లినీ, చక్రవర్తి ట్రాజన్‌కు ఈ క్రైస్తవులను ఏం చెయ్యమంటారని రాశాడు. వాళ్ళు ఒక నియమిత దినాన తెల్లవారక ముందే కలుస్తారనీ, క్రీస్తును దేవుడిగా ఎంచి పాట పాడుకుంటారనీ, మళ్ళీ కూడి మామూలు భోజనం చేస్తారనీ అందులో ఉంది. ఈ మాటల్లో నిజమెంతో తేల్చుకోవడానికి అతను ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింసలు పెట్టించాడు. సంఘంలో వాళ్ళు పరిచారకురాళ్ళు. బయటివాడు రాసిన తొలి ఆరాధన వర్ణన విచారణ ఫైలులోంచి వచ్చిందన్నమాట. హైకోర్టు తీర్పును దీని పక్కన పెట్టి చదవండి.

మూడోది జస్టిన్ అనే విశ్వాసి సుమారు 155లో రోములో రాసిన విన్నపం. ఆదివారం నాడు పట్నంలోవాళ్ళూ పల్లెల్లోవాళ్ళూ ఒకచోట చేరడం, చదవడం, బోధ, ప్రార్థన, రొట్టె, నీళ్ళు కలిపిన ద్రాక్షారసం, రాలేనివాళ్ళకు ఇంటికి పంపడం, కానుకలతో అనాథల్నీ విధవల్నీ ఖైదీల్నీ ఆదుకోవడం, అన్నీ అందులో ఉన్నాయి. ఇవాళ మన గుళ్ళలో జరిగేదాని అస్థిపంజరం ఇదే.

చరిత్ర పుస్తకాలు

మొత్తం చరిత్రను ఒక చేతిలో పట్టుకోవాలంటే జేమ్స్ ఎఫ్. వైట్ రాసిన ‘ఇంట్రడక్షన్ టు క్రిస్టియన్ వర్షిప్’ (1980)తో మొదలుపెట్టొచ్చు. పండుగలు, కాలాలు, స్థలం, సంగీతం, బాప్తిస్మం, బల్ల, ఒక్కోదానికి ఒక్కో అధ్యాయం. ఇంగ్లీషు సులువు. ఆయనదే ‘ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ క్రిస్టియన్ వర్షిప్’ (1993) ఇంకా చిన్నది.

ఆ తర్వాత ఇద్దరు పండితుల వాదం చూడాలి. గ్రెగరీ డిక్స్ అనే ఆంగ్లికన్ సన్యాసి 1945లో ‘ద షేప్ ఆఫ్ ద లిటర్జీ’ అనే పెద్ద గ్రంథం అచ్చేశాడు. రొట్టె తీసుకోవడం, స్తోత్రం చెల్లించడం, విరవడం, పంచడం, ఈ నాలుగు పనులే అన్ని సంఘాల బల్లకూ మూలరూపమని ఆయన వాదన. చాలాకాలం అదే ప్రమాణంగా నడిచింది. 1992లో పాల్ బ్రాడ్‌షా ‘ద సెర్చ్ ఫర్ ద ఆరిజిన్స్ ఆఫ్ క్రిస్టియన్ వర్షిప్’లో దీన్ని ఎదుర్కొన్నాడు. మొదటి శతాబ్దాల్లో ఒకే మూలరూపం ఉందనడానికి ఆధారాలు చాలవనీ, ఊరికొక తీరు ఉండేదనీ, తర్వాతి కాలంలో అవి దగ్గరయ్యాయనీ చూపించాడు. 

ఇది పండితుల తగువేగదా, మనకెందుకు అనొచ్చు. మనకే కావాలి. వాడలో గుడిని చూసి ఇది అసలైన క్రైస్తవం కాదు, కలగాపులగం అని చెప్పినవాళ్ళ మనసులో ఎక్కడో ఒక అసలు నమూనా ఉంది. ఆ నమూనా రోములోనో లండన్‌లోనో ఉందని వాళ్ళ నమ్మకం. మొదట్లోనే ఒక నమూనా లేదని తేలాక మన తీరు తప్పిపోయిన తీరు కాదు, అనేక తీరుల్లో ఒకటి.

తీరులు ఎక్కణ్ణించి వచ్చాయి

వైట్ రాసిన మరో పుస్తకం ‘ప్రొటెస్టెంట్ వర్షిప్’ (1989). ప్రొటెస్టెంటు ఆరాధనను తొమ్మిది సంప్రదాయాలుగా విడగొట్టి, లూథరన్‌తో మొదలుపెట్టి పెంతెకోస్తు దాకా చెబుతాడు. మన జిల్లాలను అర్థం చేసుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. గుంటూరుకు 1842లో హేయర్ వచ్చాడు గనక అక్కడ లూథరన్ క్రమం వచ్చింది. ఒంగోలుకు అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు గనక పుస్తకం లేని ప్రార్థన, నీళ్ళలో ముంచే బాప్తిస్మం వచ్చాయి. లూథరన్లలో మాలలు ఎక్కువ, ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. ఏ దేశపు మిషన్ ఏ తాలూకాకు వచ్చిందన్నదాన్ని బట్టి రెండు పల్లెల ఆరాధన రెండు రకాలైంది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గరికి రాలేకపోవడానికి ఊరివాళ్ళ కులతత్వం ఒక్కటే కారణం కాదని ఒప్పుకోవాలి. మనలో మనకున్న గోడలూ, మిషన్లు గీసిన గీతలూ కలిసిపోయాయి.

దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒకటయ్యారు. 1950లో బయటికొచ్చిన దాని బల్ల ఆరాధనక్రమం ప్రపంచమంతా చదివారు. టి.ఎస్. గారెట్ రాసిన ‘వర్షిప్ ఇన్ ద చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా’ (1958) దీని మీద మంచి పుస్తకం. ఆ క్రమంలో సమాధానాన్ని చేతినుంచి చేతికి అందించే పద్ధతి ఉంది. కేరళ సిరియన్ క్రైస్తవుల దగ్గర తీసుకున్నది. కాగితం మీద ఇది చిన్న సంగతి. అంటరానితనం ఉన్న దేశంలో ఒకరి చేతులు ఒకరు తాకాలని ఆరాధనక్రమంలో రాసుకోవడం చిన్నది కాదు. అది ఏ ఊళ్ళో ఎట్లా జరిగింది, ఎవరు ఎవరి చేతిని తప్పించుకున్నారు అన్నది ఏ పుస్తకంలోనూ మాకు కనబడలేదు.

కథోలిక సంఘంలో 1963 డిసెంబరు 4న రెండో వాటికన్ మహాసభ ఆరాధన పత్రాన్ని ఆమోదించాకే లాటిన్ పోయి తెలుగు రావడానికి దారి దొరికింది. బల్ల దగ్గర ఎవరు నిలబడతారన్న ప్రశ్నకు అక్కడ ఇంకా ఎక్కువ కాలం పట్టింది. హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోని 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి ఆ స్థానానికి వెళ్ళిన మొదటి మనిషి ఆయనే.

ఇక హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా భక్త సింగ్ నడిపిన సహవాసాలు. నేలమీద కూర్చోవడం, సామాన్య విశ్వాసులు లేచి ప్రార్థించడం, ఆరాధనయ్యాక అందరూ వరసగా కూర్చుని ప్రేమవిందు తినడం వాటి తీరు. కొరింథు ప్రశ్నను ఇక్కడ కూడా అడగాలి.

మన గురించి రాసినవి

ఇప్పుడు మన పల్లెలకు వద్దాం. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ‘వైల్ సూయింగ్ శాండల్స్’ రాసింది. క్రైస్తవం రాకముందు మాదిగలు ఏ గురువుల దగ్గర యోగం నేర్చుకున్నారో, మాతంగిని ఎట్లా కొలిచారో అందులో ఉంది. రచయిత్రి చూపు మిషనరీ చూపే. అయినా యెర్రగుంట్ల పేరయ్య లాంటి తొలి మాదిగ విశ్వాసులు ఖాళీ మనసుతో క్రీస్తు దగ్గరికి రాలేదనీ, వాళ్ళకు ముందే ఒక సాధన, ఒక వెతుకులాట ఉన్నాయనీ ఆ పుస్తకమే సాక్ష్యం చెబుతుంది.

ఆమె భర్త జాన్ క్లౌ ఆత్మకథ ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ద ఓరియెంట్’ 1914లో వచ్చింది. కరువు తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వేలంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమివ్వడం అందరికీ తెలిసిన కథ. నీళ్ళలో నిలబడి ముంచింది దొర కాదు, బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున మారుతూ. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. తొలి విశ్వాసులకు మూడు కట్టడలు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డును తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఆదివారం పనికి రాననడం వెట్టిమీద దెబ్బ. ఊరి జాతరలో డప్పు కొట్టననడం ఇంకో దెబ్బ. భూస్వాములు ఊరుకోలేదు. అంటే మాదిగపల్లెలో ఆరాధన పాటతో మొదలవలేదు, పని మానెయ్యడంతో మొదలైంది.

అయితే అక్కడే ఒక నష్టమూ జరిగింది. ఊరికోసం కొట్టే డప్పును వదిలెయ్యడం తిరుగుబాటు. మనకోసం కొట్టుకునే డప్పు కూడా దాంతోపాటు చాలా గుళ్ళ గుమ్మం బయటే ఉండిపోయింది. లోపల ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ రాగం, తాళం పేర్లతో నిలిచాయి. వాటిలో పేరున్న కవి పురుషోత్తమ చౌధరి (1803-1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. ఆ కీర్తనలను మేం తక్కువ చెయ్యటం లేదు. అక్షరం రాని మన ముసలమ్మలు వాటిని చరణాలకు చరణాలు కంఠస్థం చేసి, తమ గొంతుకు తగ్గట్టు సాగదీసి, తమ పాటలు చేసుకున్నారు. ఆ సాగదీసిన తీరును ఎవరు రికార్డు చేశారు?

పి.వై. లూక్, జాన్ కార్మన్ కలిసి రాసిన ‘విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్’ (1968) మెదక్ ప్రాంతపు పల్లెల్లో తిరిగి రాసిన అధ్యయనం. విశ్వాసులు గుడికీ వస్తారు, ఊరి దేవతల పండుగల్లోనూ పాలుపంచుకుంటారు అన్న సంగతిని దాచకుండా రాశారు. తప్పక చదవాల్సిన పుస్తకం. కానీ పేరే చూడండి: ఒకవైపు క్రైస్తవులు, ఒకవైపు హిందూ సంస్కృతి. పోచమ్మ, మాతంగి ఎవరి సంస్కృతి అన్న మన ప్రశ్న ఆ పేరులో ఇమడదు.

ఈ ప్రశ్నను తమిళనాట ముందుకు తీసుకెళ్ళారు. సత్యనాథన్ క్లార్క్ ‘దళిత్స్ అండ్ క్రిస్టియానిటీ’ (1998)లో పరయల డప్పును వేదాంతానికి మూలంగా నిలబెట్టాడు. మదురై వేదాంత కళాశాలలో పనిచేసిన థియోఫిలస్ అప్పావు జానపద బాణీల్లో ఆరాధనక్రమం కట్టి, ఒకే కుండ కూడు అనే ఆలోచనను దానికి జోడించాడు. ఆయన పని మీద జోయీ షెరీనియన్ పుస్తకం 2014లో వచ్చింది. తెలుగులో డప్పు మీద పాటలొచ్చాయి, ఉద్యమాలొచ్చాయి. గుడిలో డప్పు మీద ఇటువంటి పుస్తకం రావాల్సి ఉంది.

నోట్‌బుక్ పట్టుకునే ముందు

ఆధారాలు లేవుగదా అనేవాళ్ళు ఆల్బర్ట్ రాబొటో ‘స్లేవ్ రెలిజియన్’ (1978) చదవాలి. అమెరికా నల్ల బానిసలు రాత్రిళ్ళు దాక్కుని చేసుకున్న ప్రార్థన దొరల లెక్కల పుస్తకాల్లో ఉండదు. శబ్దం బయటికి పోకుండా ఇనప కుండ బోర్లించేవాళ్ళమని చెప్పింది ఆ బానిసలే, ముసలితనంలో. 1930లలో వాళ్ళ మాటలు రాసుకున్నవాళ్ళు ఉన్నారు గనక ఆ చరిత్ర మిగిలింది.

మన ముసలమ్మలు కూడా ఎల్లకాలం ఉండరు. రాత్రి కూలి నుంచి వచ్చాక పెట్టుకున్న ప్రార్థన, లాంతరు వెలుతురు, చావింట్లో పాడిన పాట, ఎవరి ఇంట్లో గిన్నె ఉంచేవాళ్ళు, మాదిగ బోధకుడు ఇస్తే మాలలు తాగారా లేదా - ఇవన్నీ అడిగి రాసుకోవాలి. అయితే ఒక జాగ్రత్త. ప్లినీ కూడా అడిగి రాసుకున్నవాడే. ఇవాళ ఫలానా అమ్మ ఫలానా గుడిలో బల్ల తీసుకుందని పేరుపెట్టి రాస్తే, రేపు ఆమె మనవడి సర్టిఫికెట్టు మీద అదే సాక్ష్యం కావచ్చు. కాబట్టి పేర్లు వద్దు, ఊరి గుర్తులు వద్దు. పాట రాసుకోండి, తీరు రాసుకోండి, మనిషిని కాపాడండి.

పైన చెప్పిన ఏ పుస్తకం తెరిచినా ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి: ఇక్కడ ఎవరు ముందు తిన్నారు, ఎవరు ఆగారు? పౌలు అడిగింది అదే. మన పల్లెల్లో గుడి మెట్ల మీద కూర్చున్నవాళ్ళు అడగలేకపోయిందీ అదే.