అంపైరు తీర్పు: నియమమునకు, నిర్ణయమునకు గల భేదము

గ్రామములందు ఆటల పోటీలు జరుగునపుడు నిర్వహణభారము పలుమార్లు పంచాయతీ సభ్యులపై పడుచుండును. ఓడిన జట్టువారు అంపైరు తీర్పు తప్పని వాదించుచు సభ్యుల కడకు వచ్చినచో ఏమి చేయవలెను? ఆ తీర్పును మార్పించవచ్చునా? అమెరికా దేశమున విశేషముగ ఆడు బేస్‌బాల్ నియమములలో ఈ ప్రశ్నకు చక్కని సమాధానము కలదు.

ఈ ఆటలో బంతిని కొట్టువాడు, అనగా బ్యాటరు, హోం ప్లేటు ప్రక్కన ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల గడిలో నిలుచును. అతని వెనుక ఎదుటి జట్టుకు చెందిన క్యాచరు కూర్చుండును. మొదటి బేసునందున్న బ్యాటరు జట్టువాడు, బంతిని ఎవరును కొట్టకున్నను, అదను చూచి రెండవ బేసునకు పరుగెత్తవచ్చును. అప్పుడు క్యాచరు బంతిని పట్టి తత్‌క్షణమే రెండవ బేసునకు విసరవలెను. ఆ సమయమున బ్యాటరు అడ్డు వచ్చుటయే వివాదమునకు మూలము.

నియమము స్పష్టముగనే యున్నది. బ్యాటరు గడి దాటి వచ్చిగాని, మరే కదలికచేతగాని క్యాచరును ఆటంకపరచినచో బ్యాటరు ఔటు. పరుగెత్తినవాడు మొదటి బేసునకు మరలిపోవలెను. బుద్ధిపూర్వకముగ చేసెనా లేదా అను విచారణ ఇచట అవసరము లేదు. గడిలో కదలక నిలిచిన బ్యాటరుది మాత్రము సాధారణముగ తప్పు కాదు. ఆటంకము కలిగినను క్యాచరు విసరిన బంతిచే పరుగెత్తినవాడు ఔటైనచో, ఆ ఫలితమే నిలుచును; బ్యాటరు ఔటు కాడు.

ఇందు రెండు వేర్వేరు ప్రశ్నలున్నవి. ఆటంకము కలిగెనా లేదా అనునది మొదటిది. అది అంపైరు కంటితో చూచి, రెప్పపాటులో చేయవలసిన నిర్ణయము. దానిపై ఆక్షేపణకు తావు లేదు. కలిగినచో ఫలితమేమి అనునది రెండవది. అది నియమమునకు సంబంధించినది. ఆటంకము కలిగినదని చెప్పియు అంపైరు పరుగెత్తినవానిని రెండవ బేసుననే యుంచినచో, నియమము తప్పినదని జట్టు మేనేజరు అడుగవచ్చును. తీర్పు చెప్పిన అంపైరు తోటి అంపైరును సంప్రదింపవచ్చును. కాని అడుగనిదే ఇతర అంపైరులు జోక్యము చేసికొనరాదు.

పెద్ద పోటీలందును ఇట్టి చిక్కులు రాకపోలేదు. 1975 అక్టోబరు 14న సిన్సినాటి, బోస్టన్ జట్ల మధ్య ప్రపంచ సిరీసు మూడవ ఆట జరిగెను. పదవ ఇన్నింగ్సులో ఇరుజట్లును చెరి 5 పరుగులతో సమానముగ నుండగా, సిన్సినాటి బ్యాటరు ఆర్మ్‌బ్రిస్టర్ మెల్లగా తాకించిన బంతి హోం ప్లేటు ముందే ఎగిరెను. దానిని పట్టవచ్చిన క్యాచరు ఫిస్క్, అతడును ఒకరినొకరు తగులుకొనిరి. పిమ్మట ఫిస్క్ విసరిన బంతి రెండవ బేసును దాటిపోయెను. బంతిని కొట్టిన పిమ్మట బ్యాటరు మొదటి బేసునకు పోవువాడగును గనుక, అప్పటి తగులాటకు వర్తించు నియమము వేరు. బుద్ధిపూర్వకమైన ఆటంకము లేదని అంపైరు బార్నెట్ నిర్ణయించెను. బోస్టన్‌వారు ఎంత వాదించినను తీర్పు మారలేదు. సిన్సినాటి ఆ ఆటను 6–5తో గెలిచి, సిరీసును 4–3తో సాధించెను. అంపైరునకు చంపెదమను బెదిరింపులు సైతము వచ్చెను. నిర్ణయమునకు, నియమమునకు గల భేదము తెలియని ఆగ్రహము ఎంతవరకు పోవునో దీనివలన గ్రహింపవచ్చును.

ఔత్సాహికుల ఆటలలో తరచుగ ఒకరిద్దరు అంపైరులే యుందురు. వీడియో చూచు సౌకర్యము సాధారణముగ ఉండదు. కావున అచట ఈ కట్టుబాటే ఆటకు ఆధారము.

మన చెడుగుడును చూడుడు. కూత ఆగినదా లేదా అనునది అంపైరు నిర్ణయము. కూత ఆగినచో ఔటు అనునది నియమము. మొదటిదానిని పంచాయతీ తిరగదోడరాదు. రెండవదానిపై సందేహము వచ్చినచో, ఆట సాగుచుండగనే నియమములు చూపి సరిదిద్దించుకొనవచ్చును.

అందుచేత పోటీకి ముందే నియమములను వ్రాసి ఇరుజట్లకు చదివి వినిపింపవలెను. ఏ జట్టుకును చెందని వానిని అంపైరుగ నియమింపవలెను. జట్టు పక్షమున మాటలాడుటకు నాయకునకు మాత్రమే హక్కుండవలెను. అంపైరునకు రక్షణ కల్పించుట నిర్వాహకుల విధి. ఇంత జాగ్రత్త వహించిన గ్రామమున ఒక పూట ఆట ఏడాది పగగా మారదు.