గణాలను పేర్చే గణకం

ఆక్లండ్ నగరానికి ఉత్తరాన గల ఆల్బనీలో మాస్సీ విశ్వవిద్యాలయం 1993లో తన ఆవరణను ప్రారంభించింది. అటువంటి విద్యాకేంద్రాల చెంత పెరిగే మన పిల్లలకు కంప్యూటర్ భాషలు చిన్ననాడే పరిచయమవుతాయి. కంద పద్యం మాత్రం దూరమవుతున్నది. నిజానికి ఈ రెండింటికీ దగ్గరి చుట్టరికమున్నది.

గణితంలో ఒక సమితిని చెప్పడానికి అందలి వస్తువులన్నింటినీ ఏకరువు పెట్టనక్కరలేదు. వాటి లక్షణం చెబితే చాలును. ఈ పద్ధతిని కంప్యూటర్‌కు నేర్పిన సాధనమే ‘లిస్ట్ కాంప్రహెన్షన్’. డేవిడ్ టర్నర్ 1985లో వెలువరించిన మిరాండాలోను, తర్కవేత్త హాస్కెల్ కర్రీ పేరిట 1990లో వెలువడిన హాస్కెల్‌లోను ఇది ముఖ్యాంగం. హాస్కెల్ నుండి 2000లో పైథాన్ భాష దీనిని స్వీకరించింది.

గురువు, లఘువు అనే రెండు గుర్తులను మూడు స్థానాలలో ఉంచితే 8 గణాలు ఏర్పడతాయి. హాస్కెల్‌లో ఇందుకు ఒక్క వాక్యం చాలును. అయితే ఫలితం మ, త, ర, భ, య, జ, స, న అని వస్తుంది. మన ప్రస్తారంలోని వరుస మ, య, ర, స, త, జ, భ, న. ప్రస్తారంలో మొదటి అక్షరం త్వరగా మారుతుంది. హాస్కెల్‌లో చివర చెప్పినది త్వరగా మారుతుంది. స్థానాలను తిరగవేసి చెబితే ప్రస్తారమే ప్రత్యక్షమవుతుంది. సమితికి వరుస లేదు, జాబితాకు ఉన్నది.

ఇక వడపోత. గురువుకు 2 మాత్రలు, లఘువుకు 1.

[ గ | గ ← గణాలు, మాత్రలు(గ) = 4 ]

‘నాలుగు మాత్రలు గల గణాలన్నీ’ అని దీని భావం. భ, జ, స అనే మూడే మిగులుతాయి. వీటికి గగ, నల చేర్చితే కందానికి చెల్లే అయిదు గణాలూ సిద్ధం.

కందంలో సగానికి 8 గణాలు. నియమమేదీ లేకుంటే 3,90,625 అమరికలు సాధ్యం. బేసి గణం జగణం కారాదు. ఆరవది జగణమో నలమో కావాలి. చివరి అక్షరం గురువు కావాలి. ఈ మూడు నియమాలతో 25,600 మిగులుతాయి. రెండు పాదాలూ గురువుతోనో లఘువుతోనో ఒకే తీరున మొదలుకావలెనన్న నియమంతో అవి సరిగా సగమై 12,800 అవుతాయి.

నియమాలను ఎక్కడ ఉంచామన్నది కూడా ముఖ్యమే. అన్నింటినీ చివర పరీక్షిస్తే యంత్రం 3,90,625 అమరికలనూ కట్టి, జల్లెడ పట్టవలసి వస్తుంది. మొదటి గణాన్ని ఎంచిన వెంటనే జగణాన్ని తోసివేస్తే, 78,125 అమరికలు పుట్టకుండానే ఆగిపోతాయి. ఫలితం ఒకటే, శ్రమ వేరు.

ఈ 12,800 కేవలం అచ్చులు. యతి కుదర్చడం, ప్రాసాక్షరం నిలపడం, భావం నింపడం కవి పని. అయినా నియమాలను యంత్రానికి తప్పులేకుండా చెప్పాలంటే, ముందుగా అవి చెప్పేవారికి తప్పులేకుండా తెలియాలి. కందానికి ప్రోగ్రాం వ్రాసిన పిల్లవానికి కంద లక్షణం వేరుగా వల్లె వేయించవలసిన పని ఉండదు.