సైకిలు ఇచ్చినవారు దారి కూడా ఇవ్వాలి

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లంతకుంట మండలం శాసనసభకు మానకొండూరు నియోజకవర్గంలోనూ, లోక్‌సభకు కరీంనగర్ నియోజకవర్గంలోనూ ఉంది. 2025 జులైలో కరీంనగర్ పార్లమెంటు సభ్యుడు, కేంద్ర సహాయ మంత్రి బండి సంజయ్ కుమార్ తన నియోజకవర్గంలోని ప్రభుత్వ పాఠశాలల్లో పదో తరగతి చదివే పిల్లలకు 20 వేల సైకిళ్లు పంచే కార్యక్రమాన్ని ప్రారంభించారు. దానికి సుమారు రెండేళ్ల ముందు, 2023 అక్టోబరు 1న, సిరిసిల్ల శాసనసభ్యుడు, అప్పటి పురపాలక శాఖ మంత్రి కె. తారక రామారావు హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు వెంబడి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకును ప్రారంభించారు.

ఇద్దరు నాయకులవి వేర్వేరు పార్టీలు. రెండూ మంచి పనులే. అయినా రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒక లోటు కనిపిస్తుంది. ఒకచోట పిల్లల చేతికి సైకిలు అందింది, అది క్షేమంగా సాగే దారి అందలేదు. మరొకచోట చక్కని దారి సిద్ధమైంది, కాని అది బడికీ బజారుకూ పనికీ వెళ్లే సామాన్యుని నిత్య మార్గం కాదు. ఈ రెంటి నడుమ ఉన్న ఖాళీలోనే సైకిల్ దారుల రాజకీయమంతా ఉన్నదని మేము భావిస్తున్నాము.

జాగా ఒకటే, కోరేవారు ఎందరో

ఔటర్ రింగు రోడ్డు ట్రాకులో రెండు భాగాలున్నాయి. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ వరకు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు 14.5 కిలోమీటర్లు. పైకప్పుగా సౌర ఫలకాలు అమర్చారు. వాటి విద్యుదుత్పత్తి సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలోని ఇటువంటి దారిని చూసి ఈ నమూనాను ఎంచుకున్నారు. విశాలమైన రహదారి పక్కన ఇటువంటి నిర్మాణానికి స్థలం దొరుకుతుంది.

ఇరుకైన బజారులో సంగతి వేరు. అక్కడ వీధి వెడల్పు పెరగదు. సైకిలుకు అయిదడుగులు కేటాయించాలంటే ఆ అయిదడుగులను ఎవరో ఒకరు వదులుకోవాలి. కారు నిలిపేవారో, దుకాణం ముందు సరుకు పేర్చుకునేవారో, తోపుడు బండివారో, ఆటోవారో వెనక్కి జరగాలి. అందుకే ఇంజనీరు గీసిన గీతగా మొదలైన సైకిల్ దారి ఓట్ల లెక్కగా మారుతుంది. వెనక్కి జరగవలసినవారికి గొంతు ఉంటుంది, సంఘం ఉంటుంది, నాయకుని ఇంటి తలుపు తట్టే చనువూ ఉంటుంది. తెల్లవారుజామున పాలు, పత్రికలు వేసే కుర్రవాడికి, సాంచాల మీద పనికి సైకిలుపై వెళ్లే కార్మికునికి అవేవీ ఉండవు.

ఢిల్లీ, కోల్‌కతా చెప్పే పాఠం

2008 ఏప్రిల్‌లో ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల మేర ఒక కొత్త ఏర్పాటు మొదలైంది. రోడ్డు మధ్యన బస్సులకు ప్రత్యేక వరుసలు, అంచున సైకిళ్లకు విడి దారి, మిగిలినది కార్లకు. కార్ల వరుసలు బారులు తీరాయి, ఆగ్రహం పెల్లుబికింది. బస్సుల వరుసను అన్ని వాహనాలకూ తెరవాలంటూ దాఖలైన వ్యాజ్యాన్ని ఢిల్లీ హైకోర్టు 2012 అక్టోబరులో కొట్టివేసింది. న్యాయస్థానంలో నెగ్గిన ఆ ఏర్పాటు రాజకీయంలో నెగ్గలేదు. 2016లో ప్రభుత్వం దానిని తొలగించింది. నిర్మాణంలో లోపాలు ఉండవచ్చు. అయితే లోపాలు దిద్దడానికి బదులు దారినే తీసివేశారన్నది గమనించవలసిన విషయం.

కోల్‌కతాలో 2013లో పోలీసులు 174 రోడ్లపై సైకిళ్ల రాకపోకలను నిషేధించారు. వాహనాల వేగానికి సైకిలు అడ్డమన్నది అక్కడి ఆలోచన. దెబ్బ తిన్నది పాలు, పత్రికలు, చిన్న సరుకులు సైకిలుపై చేరవేసి పొట్టపోసుకునేవారు.

ఎవరి సౌకర్యం కోసం ఎవరిని తప్పించారో తెలియాలంటే 2011 జనగణన చూస్తే చాలు. దేశంలో ప్రతి 100 కుటుంబాల్లో సుమారు 45 కుటుంబాలకు సైకిలు ఉండగా, కారు ఉన్నవి అయిదు కూడా లేవు. ఆ తరువాత మోటారు సైకిళ్లూ కార్లూ చాలా పెరిగాయి. కాని మోటారు కొనలేనివారు, ఇంకా లైసెన్సు వయసు రాని పిల్లలు ఈ దేశం నుంచి మాయం కాలేదు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం సైతం రోడ్డును వాహనాల కోసం కాక మనుషుల కోసం పంచాలని చెప్పింది. ఆ మాట కాగితం దాటి వీధిలోకి రావలసి ఉంది.

సంపన్న దేశాల్లోనూ ఇదే తగవు

ఈ వివాదం మన దేశానికే పరిమితం కాదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం టొరంటో నగరంలోని మూడు ప్రధాన వీధుల్లో సైకిల్ దారులను తొలగించేందుకు 2024 నవంబరులో చట్టం చేసింది. ఆ తొలగింపు సైకిలుదారుల ప్రాణరక్షణ హక్కుకు భంగకరమని, రాజ్యాంగ విరుద్ధమని అక్కడి న్యాయస్థానం 2025 జులైలో తీర్పు చెప్పింది. దానిపై అప్పీలుకు వెళతామని ప్రభుత్వం ప్రకటించింది.

నేడు సైకిళ్ల దేశంగా పేరొందిన నెదర్లాండ్స్ కూడా పోరాడకుండా ఆ స్థితికి రాలేదు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది మరణించారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. పిల్లల ప్రాణాలు తీసే వేగం మాకు వద్దన్నారు. 1973లో చమురు సంక్షోభం వారి మాటకు బలం చేకూర్చింది. అక్కడి సైకిల్ దారుల వెనుక ఆ తల్లుల కన్నీళ్లున్నాయి.

మన సంగతీ తక్కువ విషాదం కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. వారిలో 32,825 మంది పాదచారులు, నాలుగు వేలకు పైగా సైకిలుదారులు.

దారికీ హక్కు ఉంది

దారి విషయంలో తగవు వచ్చినప్పుడు ఏం చేయాలన్నది ముస్లిం కుటుంబాలకు కొత్త ప్రశ్న కాదు. ప్రజలు దారి గురించి విభేదించుకుంటే ఏడు మూరల వెడల్పు వదలాలని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తీర్పు ఇచ్చినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఇక్కడ గమనించవలసినది ఏడు మూరల కొలత మాత్రమే కాదు. ఇరుపక్కల యజమానులు తమ హద్దులు నిర్ణయించుకోకముందే, అక్కడ లేని బాటసారి వాటాను ముందుగా తీసి పక్కన పెట్టడం. దారి పక్కన కూర్చునేవారు ఇతరులకు బాధ కలిగించరాదన్నది కూడా ఆయన బోధించిన దారి హక్కుల్లో ఒకటి. దారిలోని హానికరమైన వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమన్నారు.

ఈ వెలుగులో చూస్తే సైకిల్ దారి ప్రభుత్వం చేసే దానం కాదు. అది బలహీనుడైన బాటసారికి చెల్లవలసిన వాటా.

మన ఊళ్లలో ఏం అడగాలి?

ఎల్లంతకుంటకు సౌర ఫలకాల కప్పు అక్కరలేదు. బడికి పోయే రోడ్డు అంచున ముళ్లకంపలూ గుంతలూ లేని, గట్టి నేల గల నాలుగైదు అడుగుల జాగా కావాలి. బడి ముందు వాహనాల వేగం తగ్గించే ఏర్పాటు కావాలి. కొత్త రోడ్డు వేసేటప్పుడు తారు అంచుకూ పక్క నేలకూ నడుమ మెట్టు మిగలకుండా చూడాలి. లారీ హారను విని సైకిలు పక్కకు దించిన పిల్ల పడిపోయేది ఆ మెట్టు దగ్గరే. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వంటి పట్టణాల్లో బడి మొదలయ్యే, విడిచే వేళల్లో ప్రధాన వీధిలో సరుకు లారీలను ఆపవచ్చు. వీటికి కావలసింది డబ్బు కన్నా ముందు పట్టుదల. గ్రామసభలోనూ వార్డు సమావేశంలోనూ ఈ కోరికను తీర్మానంగా రాయించమని అడిగే హక్కు మనకుంది.

వ్యాపారుల భయాన్ని తేలికగా కొట్టివేయరాదు. దుకాణం ముందు బండి ఆగకపోతే బేరం పోతుందన్నది వారి ఆందోళన. వారిని కూర్చోబెట్టి మాట్లాడి, సరుకు దించుకునే వేళలు, బండ్లు నిలిపే స్థలం ముందే నిర్ణయిస్తే సగం తగవు తీరుతుంది. వారిని అడగకుండా రాత్రికి రాత్రి గీసిన రంగు గీత, తెల్లారేసరికి బండ్లు నిలిపే చోటుగా మారిపోతుంది.

ఇక మన వంతు. జుమా నాడు మసీదు ముందు, పెళ్లినాడు షాదీఖానా ముందు బండి నిలిపేటప్పుడు సైకిలుపై వచ్చే పిల్లవాడికి సందు మిగిలిందా లేదా చూడాలి. పాలకులను దారి అడిగే మనం, మన గుమ్మం ముందున్న దారిని ముందుగా ఖాళీ చేసి చూపాలి.

రానున్న ఎన్నికల్లో మళ్లీ ఎవరో ఒకరు సైకిళ్లు ఇస్తామంటారు. సంతోషంగా తీసుకుందాం. తీసుకుంటూనే ఒక్క ప్రశ్న అడుగుదాం: అయ్యా, మా అమ్మాయి దీనిపై బడికి వెళ్లి క్షేమంగా ఇంటికి చేరే దారి ఎప్పుడు ఇస్తారు?