మీ వాడికి కుదురు లేదా?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి పిల్లవాడు ఉన్నాడేమో ఒకసారి ఆలోచించండి. అన్నం దగ్గర కూచుంటే నాలుగు ముద్దలు తినేలోగా నాలుగుసార్లు లేస్తాడు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతాడు. వారానికి మూడు పెన్సిళ్ళు పోగొడతాడు. లెక్క వచ్చినా సగం చేసి వదిలేస్తాడు. అడిగిన ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పేస్తాడు. మేష్టారు రోజూ డైరీలో ఎర్ర సిరాతో రాసి పంపుతారు. అమ్మ కొడుతుంది, నాన్న తిడతాడు. "వాళ్ళ నాన్న కూడా చిన్నప్పుడు ఇంతే, ఇప్పుడు బాగుపడలేదా?" అని నాయనమ్మ వెనకేసుకొస్తుంది.

అల్లరి చెయ్యని పిల్లలుంటారా? ఉండరు. అల్లరి చేసే పిల్లలందరికీ జబ్బు ఉన్నట్టూ కాదు. అయితే కొందరికి మాత్రం ఎంత ప్రయత్నించినా కుదురు చిక్కదు. కొట్టినా, బతిమాలినా, బహుమతి ఇస్తామన్నా వచ్చిన మార్పు రెండు రోజులు నిలవదు. వాళ్ళకున్నది అవధాన లోపం, అతి చురుకుదనం కలిసిన ఒక రుగ్మత. డాక్టర్లు దాన్ని ఏ.డి.హెచ్.డి. అంటారు. నూటికి అయిదారుగురు పిల్లల్లోనూ, సుమారు ఇద్దరు ముగ్గురు పెద్దల్లోనూ ఇది ఉంటుందని 2021లో అనేక దేశాల నిపుణులు కలిసి ప్రకటించిన నివేదిక చెబుతోంది. అంటే యాభైమంది ఉన్న తరగతిలో ఇద్దరో ముగ్గురో అన్నమాట.

ఇది కొత్త జబ్బా?

"మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడున్నాయండీ!" అని చాలామంది అంటూ ఉంటారు. ఉన్నాయి, పేరే లేదు. తెలివితేటల్లో లోటు లేకపోయినా తమను తాము అదుపులో పెట్టుకోలేని పిల్లల గురించి 1902లోనే జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు లండన్‌లో ఉపన్యాసాలిచ్చాడు. 1937లో అమెరికాలో ఛార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు బెంజెడ్రిన్ అనే ఉత్తేజక మందు ఇచ్చినప్పుడు కొందరు పిల్లలు చదువు మీద ఎన్నడూ లేనంత శ్రద్ధ పెట్టడం గమనించాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు 1987లో స్థిరపడింది.

లోపం ఎక్కడుంది?

2007లో అమెరికా పరిశోధకులు ఈ రుగ్మత ఉన్న 223 మంది పిల్లల మెదళ్ళనూ, లేని 223 మంది మెదళ్ళనూ స్కానింగు చేసి పోల్చారు. మెదడు పైపొర ఎదుగుదలలో ఒక దశ మామూలు పిల్లల్లో సుమారు ఏడున్నర ఏళ్ళకు వస్తే, వీళ్ళలో పదిన్నర ఏళ్ళకు వచ్చింది. అంటే సుమారు మూడేళ్ళు ఆలస్యం. ఆ ఆలస్యం ఎక్కువగా కనిపించింది మెదడు ముందు భాగంలో. "ఆగు, ముందు ఇది చెయ్యి, తర్వాత అది" అని మనకు లోపలినుంచి చెప్పేది ఆ భాగమే. పదేళ్ళ పిల్లవాణ్ణి తోటి పదేళ్ళవాళ్ళలా కూచోలేకపోతున్నావని కొడితే ఏం లాభం?

నాయనమ్మ మాటలోనూ నిజముంది. కవల పిల్లల మీద జరిగిన పరిశోధనలను బట్టి, ఈ విషయంలో మనిషికీ మనిషికీ మధ్య ఉండే తేడాలో సుమారు 74 శాతం వంశపారంపర్యమైనదే. నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువుతో పుట్టడం కూడా కొంత కారణం కావచ్చు. తల్లి పెంపకం మాత్రం దీనికి కారణం కాదు. తీపి తింటే అల్లరి పెరుగుతుందన్నది కూడా అపోహే. పంచదార మీద జరిగిన ప్రయోగాలను 1995లో అమెరికాలో కలిపి చూసినప్పుడు పిల్లల ప్రవర్తనలో తేడా ఏమీ కనిపించలేదు.

"మరి ఫోనులో ఆటలు గంటలకొద్దీ ఆడతాడు కదా, శ్రద్ధ లేదంటారేమిటి?" అని మీరు అడగవచ్చు. ఆటలో క్షణక్షణానికీ కొత్త బొమ్మ, కొత్త గెలుపు ఉంటాయి. అక్కడ ఎవరి మనసైనా నిలుస్తుంది. విసుగు పుట్టించే పనిమీద కూడా మనసును పట్టి ఉంచగలగడమే వీళ్ళకు చేతకానిది.

ఎలా తేలుస్తారు?

దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు. స్కానింగు తీసి "ఉంది" అని చెప్పగల వీలూ ఇంకా లేదు. కాబట్టి ఆ పేరుతో ఎవరైనా వేలకు వేలు ఖర్చు పెట్టిస్తుంటే ఒకసారి ఆలోచించండి. ఫోనులో పది ప్రశ్నలకు జవాబులిచ్చి నిర్ణయానికి రావడమూ తప్పే.

డాక్టరు చేసే ముఖ్యమైన పరీక్ష ఓపికగా అడిగి తెలుసుకోవడం. శ్రద్ధ లోపానికి తొమ్మిది, అతి చురుకుదనానికీ తొందరపాటుకూ తొమ్మిది లక్షణాలున్నాయి. ఏదో ఒక జాబితాలో కనీసం ఆరు ఉండాలి. 17 ఏళ్ళు దాటినవారికి అయిదు చాలు. అవి ఆరు నెలలకు పైగా ఉండాలి, పన్నెండేళ్ళ లోపే మొదలై ఉండాలి. ఇంట్లోనూ, బళ్ళోనూ, అంటే కనీసం రెండుచోట్ల కనిపించాలి. చదువునో, స్నేహాలనో, పనినో దెబ్బతీస్తూ ఉండాలి. ఇంట్లో బుద్ధిగా ఉండి ఒక్క లెక్కల మేష్టారి క్లాసులోనే అల్లరి చేస్తే కారణం వేరే ఉందన్నమాట.

అందుకే డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ప్రోగ్రెస్ రిపోర్టులూ, మేష్టారు రాసిన డైరీ కూడా తీసుకువెళ్ళండి.

తొందరపడకండి

వినికిడి తక్కువైన పిల్లవాడు మాట విననట్టే కనిపిస్తాడు. చూపు ఆనని పిల్లవాడు బోర్డు చూడడు. గొంతులో గ్రంథులు వాచి రాత్రంతా గురక పెట్టే పిల్లవాడు పగలు చిరాకుగా, చంచలంగా ఉంటాడు. మధ్యలో కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతే అది ఒకరకం మూర్ఛ కావచ్చు. చదవడం, రాయడం రాని ప్రత్యేక లోపం కావచ్చు. ఇంట్లో గొడవలకు బెదిరిపోయి ఉండవచ్చు. వీటన్నిటినీ ముందు చూడాలి.

ఇంకొక ముఖ్య విషయం. సెప్టెంబరు 1ని బడిలో చేర్చుకునే గడువుగా పెట్టుకున్న అమెరికా రాష్ట్రాలలో జరిగిన పరిశోధన 2018లో వెలువడింది. ఆగస్టులో పుట్టి, తరగతిలో అందరికన్నా చిన్నవాళ్ళయిన పిల్లలకు ఈ పేరు పెట్టడం సెప్టెంబరులో పుట్టినవారికన్నా 34 శాతం ఎక్కువగా ఉందట! వయసు చాలకముందే బడిలో వేసి, కూచోలేదని జబ్బు అంటగట్టకండి.

దీనికి పూర్తిగా వ్యతిరేకం ఆడపిల్లల సంగతి. వాళ్ళలో చాలామంది గెంతరు, ఎవరినీ కొట్టరు. కిటికీలోంచి చూస్తూ పరధ్యానంగా కూచుంటారు. ఎవరికీ ఇబ్బంది లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. "మందమతి" అన్న పేరుతోనే పెద్దవాళ్ళవుతారు.

మందులు వాడవచ్చా?

ఆరేళ్ళ లోపు పిల్లలకు ముందుగా కావలసింది తల్లిదండ్రులకు శిక్షణ. ఆ పైన వయసున్నవారికి అవసరాన్ని బట్టి మందు ఇస్తారు. 1944లో తయారైన మెథిల్‌ఫెనిడేట్ ఇప్పటికీ ముఖ్యమైన మందు. 2018లో 133 ప్రయోగాలను కలిపి పరిశీలించినవారు కూడా పిల్లలకు మొదట వాడదగిన మందు ఇదేనన్నారు. అది పడనివారికి అటోమాక్సెటిన్ లాంటివి ఉన్నాయి.

ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యంగా పట్టడం, తలనొప్పి, నాడి వేగం, రక్తపు పోటు కొద్దిగా పెరగడం, ఎత్తు పెరగడం కొంచెం మందగించడం ఉండవచ్చు. అందుకని మధ్య మధ్య ఎత్తు, బరువు, నాడి, రక్తపు పోటు చూపించుకోవాలి. కుటుంబంలో గుండెజబ్బులుంటే ముందే చెప్పాలి. మెథిల్‌ఫెనిడేట్ మన దేశంలో కట్టుదిట్టమైన అదుపులో ఉన్న మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, కొనకూడదు. ఒకరి మాత్రలు ఇంకొకరికి ఇవ్వకూడదు.

ఇంట్లో, బళ్ళో

1. ఒక్కసారి ఒక్క పనే చెప్పండి. దగ్గరకు వెళ్ళి, కళ్ళలోకి చూసి చెప్పండి.

2. హోంవర్కును పదిహేను నిమిషాల ముక్కలుగా చెయ్యండి. మధ్యలో లేచి తిరగనివ్వండి.

3. తప్పు చేసినప్పుడు తిట్టడంకన్నా, మంచిపని చేసిన మరుక్షణం మెచ్చుకోవడం ఎక్కువ పనిచేస్తుంది. నెలాఖరుకు కొనిపెట్టే సైకిలుకన్నా ఇప్పుడు భుజం తట్టడమే వాడికి విలువైనది.

4. నిద్ర, భోజనం, చదువు వేళలు రోజూ ఒకేలా ఉంచండి.

5. మేష్టారితో మాట్లాడి కిటికీకి దూరంగా, ముందు బెంచీలో కూచోబెట్టించండి. నోటుబుక్కులు పంచే పని అప్పగిస్తే కాళ్ళకు కాస్త పని దొరుకుతుంది.

"దండం దశగుణం భవేత్" అన్నమాట ఇక్కడ పనికిరాదు. దెబ్బలవల్ల శ్రద్ధ రాదు, భయం వస్తుంది, అబద్ధం అలవాటవుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం బళ్ళో కొట్టడాన్ని నిషేధించింది కూడా.

పెద్దవాళ్ళకూ ఉంటుంది

వయసుతో గెంతులు తగ్గుతాయి గాని, చాలామందిలో లోపలి అలజడి మిగిలిపోతుంది. తాళాలు పోగొట్టుకోవడం, కరెంటు బిల్లు గడువు దాటించడం, ఉద్యోగాలు మారడం, నోరు జారి మాటలు పడడం, బండి దూకుడుగా నడపడం ఇందుకు గుర్తులు. పిల్లవాడికి ఈ రుగ్మత ఉందని తేలాక, "నేనూ ఇంతే కదా!" అని తండ్రో తల్లో గుర్తించడం తరచు జరిగే విషయం. వాళ్ళు కూడా పరీక్ష చేయించుకోవాలి.

దీన్ని చిన్నచూపు చూడకండి. స్వీడన్‌లో 1,48,578 మంది వివరాలు పరిశీలించి 2024లో ప్రకటించిన పరిశోధనలో, మందు మొదలుపెట్టినవారిలో రెండేళ్ళలో మరణాలు పదివేలకు సుమారు 39, మొదలుపెట్టనివారిలో 48. ముఖ్యంగా ప్రమాదాలవంటి కారణాలవల్ల కలిగే మరణాలు తగ్గాయి. ఈ తేడా అంతా మందువల్లేనని ఇలాంటి పరిశీలన రుజువు చెయ్యలేదు గాని, వైద్యం నిర్లక్ష్యం చెయ్యకూడదన్న సంగతి మాత్రం స్పష్టం.

ఎక్కడికి వెళ్ళాలి?

మొదట మీ పిల్లల డాక్టరును అడగండి. ఆయన మానసిక వైద్య నిపుణుడి దగ్గరికి పంపుతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళలోపు పిల్లలకు ఈ రుగ్మతను గుర్తించే పరీక్షలు ఉచితం. జిల్లా ఆస్పత్రిలో విచారించండి. ఫోనులో సలహా కావాలంటే 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

వెళ్ళేలోగా మాత్రం ఒక్క పని ఈ రోజునుంచే చెయ్యండి. "సోమరి", "మొద్దు", "దండుగమారి" అన్న మాటలు మానండి. కుదురు కోసం రోజూ తంటాలు పడుతున్న పిల్లవాడు, తాను చెడ్డవాణ్ణని నమ్మడం మొదలుపెడితే, ఆ గాయం మాన్పడం అసలు రుగ్మతను అదుపు చెయ్యడంకన్నా కష్టం.